తండ్రి లేని మగపురుగు.. దిక్కు లేని మిర్చి రైతు

2021 జనవరి, ఫిబ్రవరిలో మన ఎడ్లపాడు, చిలకలూరిపేట, ప్రత్తిపాడు చుట్టుపక్కల మిర్చి చేలల్లో ఒక కొత్త పురుగు తేలింది. అది పై ముడత కాదు, కింది ముడత కాదు, బొబ్బర అసలే కాదు. నల్లగా, నువ్వుగింజలో సగం కూడా లేని పురుగు పూత లోపల గుంపులు గుంపులుగా దాక్కుంది. పూత రాలిపోయింది. పిందె కట్టలేదు. అదే ఏడాది నవంబరు, డిసెంబరుకల్లా అది ఉమ్మడి గుంటూరు దాటి ప్రకాశం, కృష్ణా, అవతల ఖమ్మం, వరంగల్ దాకా పాకింది. కొట్టిన మందల్లా కొట్టారు. ఆఖరికి చేను పీకేసినోళ్ళున్నారు, ట్రాక్టరు పెట్టి దున్నేసినోళ్ళున్నారు.

మనోళ్ళు దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. శాస్త్రం పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. అది మన దేశం పురుగు కాదు, ఆగ్నేయాసియా నించి వచ్చింది. మన దేశంలో మొదటిసారి 2015లో బెంగళూరు కాడ బొప్పాయి మీద పట్టుకున్నారు. ఆరేళ్ళకి మన మిర్చి మీద పడింది.

ఆ రోజు నించి ఈ రోజు దాకా మన ఊళ్ళల్లో ఒకటే ప్రశ్న. మొదటి కోతకి పనిచేసిన మందు మూడో కోతకి ఎందుకు పనిచేయట్లా? కొట్టు ఓనరుని అడిగితే "డోసు పెంచు" అంటాడు. కంపెనీ మనిషిని అడిగితే "కొత్త మందు వచ్చింది" అంటాడు. పక్క చేను రైతుని అడిగితే "కల్తీ మందయ్యా" అంటాడు. కల్తీ లేదని నేనట్లా. కానీ అసలు జవాబులో పెద్ద ముక్క ఒకటి ఆ పురుగు ఒంట్లోనే ఉంది. దాని క్రోమోజోముల లెక్కలో ఉంది. ఆ లెక్కని ప్రపంచానికి బాగా విడమరిచి చూపించింది ఎవరయ్యా అంటే, చీమల మీద పనిచేసినోళ్ళు. అందుకే ఇయ్యాల కాసేపు చీమల సంగతి చెప్పుకుందాం. తిరిగి మళ్ళీ మన చేలోకే వద్దాం.

"మాకెందుకన్నా ఈ క్రోమోజోముల గోల, ఇంటర్‌లో బైపీసీ వాళ్ళు చదువుకుంటార్లే" అనొద్దు తమ్ముడూ. ఇది మీ నాన్న అప్పుకి సంబంధించిన లెక్క.

క్రోమోజోము అంటే ఏంది?

మన చిలకలూరిపేట వైపు నూలు మిల్లులు చూసే ఉంటారు. మైళ్ళ పొడుగు నూలుని కండెలకి చుడతారు. ఒళ్ళు ఎట్టా తయారవ్వాలో చెప్పే సమాచారం కూడా అట్టాంటి పొడుగాటి దారమే. దాని పేరు డీఎన్ఏ. ఆ దారం చిక్కు పడకుండా కణం లోపల కండెలుగా చుట్టి ఉంటది. ఆ కండెలే క్రోమోజోములు. దారం మీద ఒక్కో పని చెప్పే ఒక్కో ముక్క జన్యువు.

మనిషికి 46 కండెలు. తల్లి నించి 23, తండ్రి నించి 23. ప్రతిదానికీ జత ఉంటది. తల్లి ఇచ్చిన జన్యువు చెడిపోతే తండ్రి ఇచ్చింది కాస్త కాచుకుంటది. ఆడా మగా ఇద్దరికీ ఇదే పద్ధతి.

చీమల కాడ ఈ పద్ధతి మారిపోద్ది. ఆడ చీమకి, అంటే రాణికీ పని చీమలకీ, మనలాగే జతలుంటాయి. మగ చీమకి మాత్రం సగమే. ఎందుకంటే అది వీర్యం కలవని గుడ్డు నించి పుడతది. రాణి గుడ్డు పెట్టేటప్పుడు దాచుకున్న వీర్యకణం కలిపితే ఆడది, కలపకపోతే మగది. అంటే మగ చీమకి తల్లి ఉంది, తండ్రి లేడు. తాత మాత్రం ఉన్నాడు, ఎందుకంటే వాళ్ళమ్మకి నాన్న ఉన్నాడు కదా! ఇది పొడుపు కథ కాదు, నిఖార్సయిన నిజం. తేనెటీగల్లో పోతుటీగలు ఇట్టాగే పుడతాయని 1845లోనే సైలీషియా ప్రాంతపు చర్చి ఫాదరు యోహాన్ జియెర్జోన్ చెప్పాడు. ఆయన తేనెపెట్టెలు పెంచుకుంటా కళ్ళారా చూసి చెప్పిన మాట అది.

కంటికి కనపడని దాన్ని లెక్కపెట్టేదెట్టా?

చీమ క్రోమోజోములు చూడాలంటే పెద్ద చీమ పనికిరాదు. గూడులో నించి పిల్ల పురుగుని, అదీ ప్యూపా కట్టబోయే దాన్ని తీసుకుంటారు. దాని మెదడు దగ్గర కణాలు జోరుగా చీలుతుంటాయి. కణం చీలే ఆ కాసేపే కండెలు విడివిడిగా కనపడతాయి. మిగతా టైములో దారమంతా విప్పారి కలగాపులగంగా ఉంటది. అందుకని చీలిక మధ్యలో కణాన్ని ఆపాలి. ఆపడానికి వాడేది కాల్చిసిన్ అనే మందు. అది మన కొండవాలుల్లో, కంచెల వెంట ఎర్రగా పసుప్పచ్చగా పూసే అడవినాభి దుంపలో, గింజలో ఉండే విషమే. తర్వాత ఆ కణాల్ని పలుచటి నీళ్ళలో ఉబ్బబెట్టి, గాజు పలక మీద పరిచి, రంగు ఎక్కించి మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కిస్తారు.

ఈ పనికి కోట్ల మిషన్లు అక్కర్లా. మంచి మైక్రోస్కోపు, ఓపిక, చెయ్యి తిరిగిన మనిషి ఉంటే చాలు. జపాన్ శాస్త్రవేత్త హిరోటామి ఇమాయ్ మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి భారతదేశపు చీమల క్రోమోజోముల సర్వే చేసి 1984లో అచ్చేశాడు. రెండేళ్ళకి, 1986లో, క్రాస్‌లాండ్, క్రోజియర్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర ఒక చీమని పట్టారు. దాని పని చీమకి ఒక్కటే జత. మగదానికి ఒకే ఒక్క క్రోమోజోము! అంతకన్నా తక్కువ ఉండే దారే లేదు. మరో వైపు బ్రెజిల్‌లో ఒక చీమకి అరవై జతల దాకా ఉన్నాయి. ఒకే కుటుంబంలో ఒకటి నించి అరవై దాకా! చీమ పేరు ఒక్కటే గానీ లెక్కలు వేరు వేరు.

వలస వచ్చి ఊరిని మింగే చీమలు

ఇప్పుడు దండెత్తే చీమల కాడికొద్దాం. దక్షిణ అమెరికా నించి 1930ల్లో ఓడ సరుకుతో అమెరికాలోని అలబామా రేవుకి దిగిన ఎర్ర నిప్పు చీమ ఉంది. కుడితే నిప్పు పెట్టినట్టుంటది. దక్షిణ రాష్ట్రాలన్నీ ఆక్రమించింది. ఈ శతాబ్దంలో తైవాన్, చైనా కూడా చేరింది. దాని మగదానికి 16 క్రోమోజోములు. కొన్ని పుట్టల్లో ఒకే రాణి ఉంటది, కొన్నిట్లో రాణులు బోలెడు. ఎందుకట్టా అని ఏళ్ళ తరబడి తవ్వితే, 2013లో జవాబు బయటపడింది. ఒక క్రోమోజోము రెండు రకాలుగా ఉంది. రెండో రకం ఉన్న పని చీమలు మొదటి రకం రాణిని చంపి, తమ రకం ఉన్న రాణుల్ని ఎందర్నైనా పుట్టలో ఉండనిస్తాయి. ఒక రాజ్యమా, ఉమ్మడి రాజ్యమా అనేది ఒక్క కండె తేల్చేస్తది.

మనకి దగ్గర్లో ఇంకోటుంది, పసుపు పిచ్చి చీమ. కాళ్ళు పొడుగు, నడక పిచ్చి పిచ్చిగా ఉంటది, అందుకే ఆ పేరు. 2022 ఆగస్టులో తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై అడవి అంచు పల్లెల్లో ఈ చీమలు కమ్మేశాయి. మేకల కళ్ళు, పశువుల కళ్ళు పోతున్నాయని రైతులు మొత్తుకున్నారు. ఇది కుట్టదు, కళ్ళల్లో యాసిడ్ చిమ్ముతుంది. హిందూ మహాసముద్రంలో క్రిస్మస్ దీవి ఉంది, ఆస్ట్రేలియా వాళ్ళది. అక్కడ ఇదే చీమ కోట్ల ఎర్ర పీతల్ని చంపింది. ఆ దీవికి అది వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో. దశాబ్దాల పాటు నోరు మూసుకుని ఉండి, 1989 నించి విరుచుకుపడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వచ్చిన రోజునే పురుగు తడాఖా చూపించదు.

ఈ పిచ్చి చీమ మగదాని సంగతి శాస్త్రవేత్తలకే అంతుబట్టలేదు. తండ్రి లేకుండా పుట్టాల్సిన మగదాంట్లో రెండు రకాల జన్యువులు కనపడుతున్నాయి. 2023లో ఉగో దరాస్, ఆయన తోటివాళ్ళు చిక్కు విప్పారు. గుడ్డులోకి వీర్యకణం వస్తది గానీ, కొన్ని గుడ్లలో తల్లి వాటా, తండ్రి వాటా కలవవు. ఒకే ఒంట్లో వేరు కాపురం పెడతాయి. కొన్ని కణాలు పూర్తిగా తల్లివి, కొన్ని పూర్తిగా తండ్రివి. రెండు వాటాలూ కలిస్తే మాత్రం, తండ్రి వాటా రకాన్ని బట్టి పని చీమో రాణో అవుద్ది. ఇట్టాంటి మగజీవి లోకంలో ఇంకోటి తెలిసి లేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, వలస పురుగు బలం దాని దవడల్లో లేదు. దాని ఖాతా పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం చదవకుండా యుద్ధానికి పోతే మన డబ్బులు పోతాయి.

చేలోకి వద్దాం

తామర పురుగు చీమ కాదు, చుట్టమూ కాదు. కానీ ఖాతా మాత్రం అదే. తామర పురుగుల జాతిలోనూ వీర్యం కలిసిన గుడ్డు ఆడది, కలవని గుడ్డు మగది. మగదానికి సగమే క్రోమోజోములు. తండ్రి లేడు.

దీనివల్ల రెండు నష్టాలున్నాయి మనకి.

మొదటిది. జత కలవని ఒక్క ఆడ పురుగు ఒక పూలమొక్క కుండీలోనో, నారు ట్రేలోనో దేశం దాటి దిగిందనుకోండి. మగతోడు లేకపోయినా గుడ్లు పెడతది. అవన్నీ మగ పిల్లలు. ఆ కొడుకు పెరిగి తల్లితోనే జతకడతాడు. పురుగులకి వావివరసలు లేవు. అప్పుడు ఆడ పిల్లలు పుడతారు. ఒక్కదాంతో మొదలైన వంశం ఊరంతా అవుద్ది. గుడ్డు నించి పెద్ద పురుగు అవడానికి రెండు మూడు వారాలే పడతది మన ఎండలకి.

రెండోది అసలు సంగతి. నిదానంగా చదవండి.

మందుని తట్టుకునే జన్యువు ఒకటి ఏదో ఒక పురుగులో సహజంగానే పుడతది. అది మొదట్లో చాలా తక్కువ. చేలో నూటికి ఒకటి ఉందనుకుందాం. ఇట్టాంటి జన్యువుల్లో కొన్ని, జత రెండూ అవే అయితే తప్ప పనిచేయవు. దోమలాంటి, మనలాంటి జతల ఖాతా ఉన్న జీవి అయితే తల్లి నించి ఒకటి, తండ్రి నించి ఒకటి రావాలి. నూటికి ఒకటి, మళ్ళీ నూటికి ఒకటి. అంటే పదివేలకి ఒక్కటే మందుకి బతికిద్ది. ఆ జన్యువు దాక్కునే ఉంటది, గట్టిపడటానికి చాలా కాలం పడతది.

తామర పురుగులో మగదానికి జతే లేదు. ఒక్క కాపీ ఉంటే చాలు, అది పనిచేసిద్ది. అంటే మగ పురుగుల్లో పదివేలకి ఒకటి కాదు, నూటికి ఒకటి బతికిద్ది. ఒక్క స్ప్రేకే వంద రెట్ల తేడా! మందు కొట్టిన మర్నాడు చేలో మిగిలిన మగవన్నీ ఆ మొండి జన్యువు మోసేవే. పక్క చేలో నించి వచ్చిన ఆడ పురుగులతో అవి జతకడతాయి. మగదాంట్లో ఒక్కటే కాపీ కాబట్టి దాని కూతుళ్ళందరికీ ఆ జన్యువు వెళ్ళి తీరుద్ది. ఆ కూతుళ్ళ కొడుకుల్లో సగం మందికి మళ్ళీ మందు పనిచేయదు. మళ్ళీ మనం అదే మందు కొడతాం. మళ్ళీ ఏరివేత. మనం పురుగుల్ని చంపుతున్నాం అనుకుంటాం. నిజానికి విత్తనం కంపెనీ వాడు మంచి రకం ఏరినట్టు, మనం మన ట్యాంకుతో మొండి పురుగుని ఏరి పెంచుతున్నాం.

ఇది ఊహ కాదు. స్పెయిన్ ఆగ్నేయ మూలన అల్మేరియా, ముర్సియాల్లో మిర్చికి అన్నదమ్ములైన కాప్సికం తోటలు గ్రీన్‌హౌస్‌ల్లో వేస్తారు. అక్కడ మరో వలస తామర పురుగు మీద స్పైనోశాడ్ విపరీతంగా కొట్టారు. కొన్నేళ్ళకే మందు చచ్చుబడింది. తరచి చూస్తే అక్కడ గట్టిపడింది సరిగ్గా పైన చెప్పిన రకం జన్యువే, ఆడదాంట్లో జత కావాలి, మగదాంట్లో ఒక్కటి చాలు. అదే స్పైనోశాడ్ మన మందుల కొట్లలోనూ రాజ్యమేలుతోంది. ధర కూడా సామాన్యంగా లేదు.

ఇంకో మాట. ఈ పురుగు గుడ్డు మొక్క కండలో దూర్చి పెడతది, ప్యూపా నేలలో కడతది. మనం కొట్టే మందు ఈ రెంటికీ తగలదు. కనపడేదాన్ని కొట్టి, కనపడనిదాన్ని వదిలేసి, వారానికి మళ్ళీ కొడుతున్నాం.

మరి ఏం చేద్దాం?

ముందు చేతిలో ఉన్న పని. మందు డబ్బా మీద పెద్దక్షరాల బ్రాండు పేరు చూడటం మానండి. కింద చిన్న అక్షరాల్లో టెక్నికల్ పేరుంటది, అది చదవండి. మూడు కంపెనీల మూడు రంగుల డబ్బాల్లో ఒకటే టెక్నికల్ ఉంటే, మీరు మందు మార్చినట్టు కాదు, మారింది డబ్బా మాత్రమే. ఫోన్ చేతిలో ఉంది కదా, ఆ పేరు ఏ గ్రూపుదో వెతకండి. వరుసగా ఒకే గ్రూపు కొట్టొద్దు. నాన్నకి, బాబాయికి మీరే చదివి చెప్పండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, టెక్నికల్, డోసు, పురుగు తగ్గిందా లేదా రాయండి. పురుగుకి ఖాతా ఉన్నప్పుడు మనకి లేకపోతే ఎట్టా?

మూడు మందులు కలిపి ఒకే ట్యాంకులో కొట్టడం ఆపించండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే తామర పురుగుని తినే మంచి పురుగులు ముందు చస్తాయి. నీలం రంగు జిగురు అట్టలు పెట్టడం, చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో వేయడం, వేపనూనె, యూరియా తగ్గించడం ఇవన్నీ పాత మాటల్లాగే ఉంటాయి. కానీ వీటికి ఒక గుణం ఉంది. అట్టకి అంటుకునే పురుగు మందుకి మొండిదా మెత్తదా అని అట్ట చూడదు. రెంటినీ ఒకటే లెక్కన పట్టిద్ది. అందుకే అట్ట మొండి పురుగుని ఏరి పెంచదు.

ఇక అడగాల్సిన పని. కొత్త పురుగుల్ని సరిహద్దు కాడే ఆపాలని 1914 నాటి చట్టం ఉంది, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. అయినా 2015లో బెంగళూరులో పట్టుబడ్డ పురుగు 2021లో కొండవీటి కొండ కింద మన పూతలో తేలింది. పురుగు పేరు కాగితం మీదకెక్కిన రోజే మిర్చి పండించే ప్రతి మండలానికీ తెలుగులో కబురు రావాలి. గుంటూరు లాం ఉద్యాన పరిశోధనా స్థానం మన పక్కనే ఉంది. ప్రతి సీజనులో మన చేల పురుగుల మీద ఏ మందు పనిచేస్తోంది, ఏది చచ్చుబడింది అని పరీక్షించి, ఆ లెక్క ఊరి రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించాలని అడుగుదాం. ఆ పరీక్ష రాకెట్ సైన్సేం కాదు. పురుగుల్ని మందులో ముంచిన పువ్వు మీద వదిలి మర్నాడు చచ్చినవి ఎన్నో లెక్కపెట్టడమే మొదటి మెట్టు. వంకాయలపాడులో మిర్చి వ్యాపారం కోసం స్పైసెస్ పార్కు కట్టుకున్నాం. మిర్చిని తినే పురుగుని చూడటానికి మండలానికి ఒక మైక్రోస్కోపు, దాన్ని వాడటం వచ్చిన ఇద్దరు మన పిల్లలు ఉండాలంటే అదేమన్నా గొంతెమ్మ కోరికా? బీఎస్సీ చదివి ఖాళీగా ఉన్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు.

ఇంకోటి మర్చిపోవద్దు. చేను పీకేసినోళ్ళల్లో కౌలు రైతులు ఎక్కువగా నలిగారు. పొలం వాళ్ళది కాదు, కౌలు కార్డు చాలామందికి లేదు, బ్యాంకు అప్పు రాదు. మందుల కొట్టులో అరువు పెడతారు. అరువిచ్చినోడు ఏ డబ్బా ఇస్తే అది కొట్టాలి. అంటే ఏ మందు కొట్టాలో తేల్చేది పురుగు కాదు, శాస్త్రం కాదు, అరువు. గ్రూపు మార్చి కొట్టమని మనం ఎంత చెప్పినా, కౌలు రైతు చేతికి బ్యాంకు అప్పు రాకపోతే ఆ సలహా గాలికే. పురుగు మొండిబారడం వెనక క్రోమోజోముల లెక్క ఎంతుందో, ఈ అరువు లెక్క కూడా అంతే ఉంది.

పురుగు జన్యువుని మార్చడం మన చేతిలో లేదు. ఏ జన్యువు మన చేలో గెలవాలో తేల్చేది మాత్రం మన ట్యాంకే. ఈ సీజను మొదటి స్ప్రేకి ముందు డబ్బా తిప్పి ఆ చిన్న అక్షరాలు చదవండి. చదివింది పక్క చేను ఆయనకీ చెప్పండి. ఎందుకంటే పురుగుకి గట్టు తెలియదు.